రోడ్డు మీది సున్నా

తిరుపాలమ్మ మెట్లెక్కి వచ్చేసరికి ఎలిజబెత్ ఒక కల్యాణ మండపానికి వంటగది గీస్తోంది. ప్రొద్దుటూరు బజారులో బట్టల అంగడి పైన రెండు గదుల ఆఫీసు అది. ఇళ్లకు ప్లాన్లు గీయించి, సంతకాలు పెట్టించి ఇచ్చే సిరాజుద్దీన్‌ది. కంప్యూటరు ముందు కూర్చుని గీసేది మాత్రం పదేళ్లుగా ఎలిజబెత్తే. జమ్మలమడుగు నుంచి పొద్దున బస్సుకు వచ్చి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోతుంది.

వచ్చినామె చెప్పులు మెట్ల దగ్గరే విడిచి, కుర్చీ చూపించినా కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడింది. యాభై ఏళ్లుంటాయి. బస్సు టికెట్టు ఇంకా ఆమె వేళ్ల మధ్య నలుగుతోంది.

"ఇంటికి ప్లాను గీయాల్నా అమ్మా?" అని అడిగాడు సిరాజుద్దీన్.

"ఇల్లుండాదప్పా. గోడ గీయించాల."

సిరాజుద్దీన్‌కు నవ్వొచ్చింది. "గోడకు ప్లానేందమ్మా. మేస్త్రీకి చెప్తే దారం పట్టి కట్టేస్తాడు."

"ఎత్తెంతో తెలియాల గదా. ఎదురింటి మిద్దె మీద నిలబడినోనికి మా వాకిట్లో మనిషి కనపడకూడదు. మీ కంప్యూటర్లో యాడ నిలబడి సూస్తే ఏది కనపడతాదో అంతా సూపిస్తారంట. పులివెందులలో మా కోడలి తమ్ముడు చెప్పినాడు."

సిరాజుద్దీన్ నవ్వు ఆగిపోయింది. ఆ ప్రాంతంలో పుట్టినవాళ్లకు ఆ మాట విడమరిచి చెప్పనక్కరలేదు. ఎలిజబెత్ వంటగదిని పక్కన పెట్టి, తనే లేచి కుర్చీ తెచ్చి ఆమె వెనక వేసింది. "కూర్చోక్కా" అంది.

సింహాద్రిపురం అవతల ఒక పల్లె వాళ్లది. తిరుపాలమ్మ భర్త సంజీవయ్య. వీధికి అటుపక్క ఇల్లు చిన్నసుబ్బయ్యది. ఇద్దరూ గొర్రెలు కాచుకునే ఇళ్లలో పుట్టినవాళ్లే. తర్వాత ఒకడు ఒక పార్టీ జెండా, ఇంకొకడు ఇంకో పార్టీ జెండా మోశారు. ఆరేళ్ల కిందటి ఎలక్షన్ రోజు కొట్లాటలో సంజీవయ్య తమ్ముడు పోయాడు. పది రోజులకు చిన్నసుబ్బయ్య అల్లుడు పోయాడు. అప్పటి నుంచి సంజీవయ్య నడిమింట్లోనే ఉంటున్నాడు. ఆ గదికి కిటికీ లేదు.

"మరి వాళ్ల లీడరు, మీ లీడరు ఇప్పుడు ఒకే పార్టీ గదమ్మా?" అన్నాడు సిరాజుద్దీన్.

"ఒకే పార్టీనే కాదప్పా, ఒకే కార్లో తిరుగుతాండారు. మొన్న పులివెందులలో పెండ్లికి పోయి పక్కపక్కన కూర్చోని తిన్న్యారంట. రాజీ అయింది వాళ్లకు. మాకెవురూ చెప్పలా." కొంగుతో మొహం తుడుచుకుంది. "మా ఆయన ఎండ మొగం సూసి ఆరేండ్లయింది. ఉన్ని వడుకుతాడు. సీకట్లో వేళ్లతో తడుముకోని వడుకుతాడు. వాకిట్లో మంచమేసుకోని కూర్చునేంత గోడ కావాల. అంతే."

ఎలిజబెత్ ఆ వారమే వెళ్లి కొలతలు తీసుకుంది. ఊరి రోడ్డు మీద రోడ్డు వేసి వేసి పాత ఇళ్లన్నీ గుంటలో పడ్డాయి. వీధిలోంచి సంజీవయ్య వాకిట్లోకి నాలుగు మెట్లు దిగాలి. వాకిట్లో టేపు పట్టడానికి తిరుపాలమ్మ రెండో కొస పట్టుకుంది కానీ, వీధి తలుపు దాటి రాలేదు. ఆ ఇంటి వాళ్లెవరూ ఆ వీధిలో నిలబడరు. బయటికి పోవాలంటే వెనక దొడ్డి దారినే పోతారు. వీధిలోకి ఎలిజబెత్ ఒక్కతే పోయింది. చిన్నసుబ్బయ్య ఇంటి బయటి మెట్లు రోడ్డులో నుంచే లెక్కపెట్టుకుంది. ఇరవై ఒకటి. మెట్టుకు ఏడంగుళాలు. పైన పిట్టగోడ వెనక ఒక ముసలి మనిషి స్టీలు గ్లాసుతో టీ తాగుతూ ఆమెనే చూస్తున్నాడు.

"ఎవురమ్మా నువ్వు? ఏందో కొలుస్తాండావు?" అని అడిగాడు.

"రోడ్డు పనికప్పా" అంది ఎలిజబెత్. అబద్ధమాడినందుకు ముద్దనూరు దాకా ఆమె మనసు బాగోలేదు.

ఆఫీసుకు వచ్చి గీయడం మొదలుపెట్టింది. ప్లాన్లు గీసే క్యాడ్ ప్రోగ్రాములో ఏ గీత గీసినా, అది ఒక సున్నా నుంచి ఎంత దూరం, ఎంత ఎత్తు అన్న లెక్క మీదే నిలబడుతుంది. కంప్యూటరుకు తనదంటూ ఒక సున్నా ఉంటుంది. దాని పేరు వరల్డ్, అంటే లోకం. అది కదలదు. అయితే దానితో అన్నిసార్లూ పని సాగదు. పని చేసే చోటికి మనం ఇంకో సున్నాను తెచ్చుకుని పెట్టుకోవచ్చు, గీతల దిక్కు మార్చుకోవచ్చు. కొత్తలో సిరాజుద్దీన్ ఆమెకు ఇదంతా నేర్పుతూ, "నీ సున్నాతో ఎంతసేపన్నా పని చేసుకో అక్కా. అయిపోయినాక మాత్రం లోకానికి తిరిగి రావాల. రాకపోతే అన్ని కొలతలూ తప్పే" అన్నాడు.

"మా పాస్టరుగారేమో లోకాన్ని వదలమంటాడు, నువ్వేమో తిరిగి రమ్మంటాండావు భాయ్" అంది ఆమె అప్పుడు. ఆ మాటకు ఇద్దరూ చాలా రోజులు నవ్వుకున్నారు.

సంజీవయ్య వాకిటి నేలను ఆమె లోకపు సున్నా మీదే గీసింది. ఎదురిల్లు గీయాల్సి వచ్చినప్పుడు మెట్లు రోడ్డు నుంచి లెక్కపెట్టుకుంది కాబట్టి సున్నాను రోడ్డు మీదికి తెచ్చుకుంది. మిద్దె లేచింది. మిద్దె మీద ఒక మనిషి కంటి ఎత్తున, అక్కడి నుంచి ఏం కనపడుతుందో చూపించే కంప్యూటరు కెమెరా పెట్టింది. సంజీవయ్య వాకిలి అరచేతిలో పెట్టినట్టు కనిపించింది. మంచం గీసి, మంచం మీద మనిషికి గుర్తుగా ఒక డబ్బా పెట్టింది. అప్పుడు గోడను కొంచెం కొంచెం లేపింది. ముందు మంచం మరుగైంది, తర్వాత డబ్బా, తర్వాత ఇంటి గుమ్మం దగ్గర నిలబెట్టిన ఇంకో డబ్బా. అంతా మరుగైన చోట ఆపి ఎత్తెంతో చూసింది. తొమ్మిదిన్నర అడుగులు. కాగితం మీద ఆ అంకె వేసి ఇచ్చింది.

నెల లోపలే గోడ లేచిందని తిరుపాలమ్మ కబురు పంపింది. ఆ కబురుతో ఒక కొత్త కంబళి కూడా వచ్చింది. సంజీవయ్య మూడు రోజులు ఎండలో కూర్చుని వడికిన ఉన్నితో నేయించిందట. ఎలిజబెత్ దాన్ని ఇంటికి తీసుకుపోయి మంచం మీద పరిచింది.

మరో వారానికి సిరాజుద్దీన్, "జమ్మలమడుగు పక్కన ఒకాయనకు అట్లాంటి గోడే కావాలంట. ఆ బొమ్మ తీసి ఒక కాపీ పెట్టక్కా" అన్నాడు. ఎలిజబెత్ పాత ఫైలు తెరిచింది. గీతలన్నీ వచ్చాక చూస్తే, సున్నా ఎక్కడుందో చెప్పే రెండు బాణాల గుర్తు వాకిట్లో లేదు. రోడ్డు మధ్యలో ఉంది.

లోకపు సున్నాకు మార్చి గోడ ఎత్తు మళ్లీ అడిగింది. పన్నెండు అడుగులు అని వచ్చింది.

తొమ్మిదిన్నర రోడ్డు మీద నుంచి. వాకిట్లో నుంచి పన్నెండు. ఈ కాగితం వేరే ఎవరి చేతికి పోయినా మేస్త్రీ వీధిలో నిలబడి కొలిచేవాడు, గోడ సరిగ్గా వచ్చేది. ఆ ఇంటికి వచ్చిన మేస్త్రీ వీధివైపు నిలబడడు. పరంజా కట్టెలు లోపలే నాటుకుని, లోపలి నుంచే టేపు పట్టి, తొమ్మిదిన్నర చూసుకుని దిగిపోయి ఉంటాడు. ఎందుకైనా మంచిదని ఆమె తెర మీద గోడను రెండున్నర అడుగులు తగ్గించి, మిద్దె మీది కెమెరాలోంచి చూసింది. మంచం మీది డబ్బాలో పై భాగం బయటికొచ్చింది. మనిషికైతే భుజాల మీద నుంచి తల దాకా.

"ఫోన్ చెయ్యక్కా, ఇప్పుడే" అన్నాడు సిరాజుద్దీన్, విని.

"ఆ ఊర్లో ఫోను ఒక్క అంగట్లోనే ఉండాది భాయ్. ఆ అంగడి చిన్నసుబ్బయ్య తమ్మునిది."

సాయంత్రం ఇంటికి వెళ్లాక భర్త మోషేకు చెప్పింది. మోషే ఆసుపత్రిలో కట్లు కట్టే ఉద్యోగి. నాటుబాంబు పేలి వేళ్లు పోయినవాళ్లూ, తలలు పగిలినవాళ్లూ ఇరవై ఏళ్లుగా అతని బల్ల మీదికే వస్తున్నారు. అన్నం కలుపుతూ విన్నాడు.

"పొద్దున్నే పో. నువ్వు చెప్పకపోతే ఆయన నా బల్ల మీదికొస్తాడు" అన్నాడు. మళ్లీ, "వస్తే అదృష్టమే. శానామంది రారు" అన్నాడు.

మర్నాడు ముద్దనూరులో బస్సు మారి, ఆ పల్లెకు చేరేసరికి పది దాటింది. దొడ్డి దారిన లోపలికి వెళ్లింది. సంజీవయ్య వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆమె ఆయన్ను చూడటం అదే మొదటిసారి. రాయి కింద మొలిచిన గడ్డిలా పాలిపోయి ఉన్నాడు, ముక్కు మీదా నుదుటి మీదా మాత్రం కొత్తగా ఎండకు కమిలిన ఎరుపు. తొడ మీద కదురు తిప్పి వదులుతున్నాడు. నల్ల ఉన్ని దారమై దిగుతోంది.

"తిరుపాలు చేనుకాడికి పోయింది. వస్తాది కూర్చోమ్మా. గోడ గీసిన పాపవు నువ్వే గదా" అన్నాడు.

ఎలిజబెత్ తల ఎత్తింది. గోడ అంచు మీద నుంచి చిన్నసుబ్బయ్య పిట్టగోడ సన్నగా కనిపిస్తోంది. దాని మీద ఒక స్టీలు గ్లాసు.

"అప్పా, గోడ ఎత్తు నేను తప్పు వేసినాను. రోడ్డు మీద నుంచి లెక్క అది. నేను రాయలేదు. నువ్వు ఈడ కూర్చుంటే వాళ్లకు కనపడతాండావు" అంది. ఒక్క గుక్కలో చెప్పేసింది. "లోపలికి పద."

కదురు ఆగలేదు.

"తెల్సు" అన్నాడు సంజీవయ్య.

ఆమెకు అర్థం కాలేదు.

"మొదటి రోజే తెల్సింది. మంచమేసుకోని కూర్చున్న్యా. తల ఎత్తితే ఆడ సుబ్బడు. వాడు నన్ను సూసినాడు, నేను వాన్ని సూసినా. లేచి లోపలికి పోదామనుకున్న్యా. కాళ్లు రాలా." దారం చుట్టి మళ్లీ తిప్పాడు. "వాడు టీ తాగి దిగిపోయినాడు. రెండో దినం మళ్లీ వచ్చినాడు. అట్లా పన్నెండు దినాలు. మొన్న ఏం చేసినాడో తెల్సునా? గొర్లను ఎనక్కి మలేసేటప్పుడు నాలిక ఆడిస్తాం సూడు, ఆ కూత. చిన్నప్పుడు ఇద్దరం కొండకు తోలకపోయినప్పుడు వాడు ఆ పక్కనుంచి వేసేటోడు, నేను ఈ పక్కనుంచి. ఆ కూత వేసినాడు."

"నువ్వేం చేసినావప్పా?"

"నేనూ వేసినా." ఆయన మొహం మీద నవ్వులాంటిది వచ్చి పోయింది. "ఇద్దరం ముసిలోళ్లమైతిమి. గొంతు సరిగ్గా రాలా."

"నిన్ను వాకిట్లోకి అలవాటు చేసేదానికేమో."

"అయ్యుండొచ్చు" అన్నాడు నెమ్మదిగా. "నేనూ అనుకున్న్యా. వాని అల్లుడు నా వల్ల పోయినాడని వాని బిడ్డ రోజూ ఏడుస్తాంటాది. అయ్యుండొచ్చు. కాకపోయినా కాకపోవచ్చు. యాడనో ఒకచోట తెలియాల గదమ్మా. నడిమింట్లో కూర్చుంటే తెలిసేదెట్లా?" తర్వాత ఆమె వైపు తిరిగాడు. "తిరుపాలుకు ఈ మాట చెప్పొద్దు. దండం పెడ్తా."

దొడ్డి తలుపు చప్పుడైంది. తిరుపాలమ్మ నెత్తి మీద గడ్డిమోపుతో లోపలికి వచ్చింది. ఎలిజబెత్‌ను చూసి మోపు కింద పడేసి, చేతులు దులుపుకుంటూ నవ్వింది. "ఏం మేడమ్, చెప్పకుండా వచ్చినావు? కంబళి బాగలేదా ఏంది? మార్చియ్యమని వచ్చినావా?"

సంజీవయ్య తల వంచి దారం చూసుకుంటున్నాడు. కదురు గిరగిరా తిరుగుతోంది.

కెమెరా ఎక్కడ పెడితే ఏం కనిపిస్తుందో ఎలిజబెత్ అంగుళంతో సహా చెప్పగలదు. ఆ కెమెరా వెనకున్న మనిషి కడుపులో ఏముందో చెప్పలేదు. ఈయన చెప్పేది నిజమే కావచ్చు. నిజం కాకపోతే, ఆ కాగితం మీద ఉన్నది తన చేతిరాత. మోషే బల్ల గుర్తొచ్చింది. దాని మీద పరిచే ఎర్ర రబ్బరు గుడ్డ గుర్తొచ్చింది.

"అక్కా, గోడ రెండున్నర అడుగులు తక్కువుంది. తప్పు నాది" అంది.

తిరుపాలమ్మ మొదట గోడను చూసింది. తర్వాత గోడ మీదుగా కనిపిస్తున్న పిట్టగోడను, గ్లాసును చూసింది.

"నేను అనుకుంటానే ఉండా" అంది. "వాళ్ల మిద్దె అంచు కనపడతాంది గదా, ఇదేంది అని. కంప్యూటర్లో సూసి గీసినారు గదా, నా కండ్లకేం తెల్సులే అని ఊరుకున్న్యా."

ఎలిజబెత్‌ను ఒక్క మాట అనలేదు. మంచం దగ్గరికి పోయి తల వైపు కోళ్లు పట్టుకుంది. "లెయ్" అంది భర్తతో. సంజీవయ్య లేచాడు. కదురూ ఉన్నీ చంకలో పెట్టుకుని, ఎవరినీ చూడకుండా గడప దాటి లోపలికి పోయాడు. ఇద్దరు ఆడవాళ్లూ మంచాన్ని నిలువుగా తిప్పి గుమ్మంలోంచి లోపలికి దూర్చారు. లోపల చీకట్లో ఆయన ఎక్కడ కూర్చున్నాడో ఎలిజబెత్‌కు కనిపించలేదు.

నాలుగు రోజుల్లో మిగిలిన రెండున్నర అడుగులూ లేచాయి.

నెలన్నరకు తిరుపాలమ్మ మళ్లీ ఆఫీసు మెట్లెక్కింది. ఈసారి తనే కుర్చీ లాక్కుని కూర్చుంది. చిక్కిపోయి ఉంది.

"అప్ప బాగుండాడా అక్కా?" అంది ఎలిజబెత్.

"ఉండాడు. బయటికి రాలేదు. రమ్మంటే ఎండ పడడంలేదంటాడు. నిజమే, పన్నెండు గంటలప్పుడు ఒక రవ్వంత పడి పోతాది. ఉత్త బాయి మాదిరుండాది వాకిలి." నీళ్లు ఇస్తే తాగింది. "గోడ లేపినాం గదా. లోపల ఏందో చేస్తాండారు, అందుకే ఎత్తు లేపినారు అనుకున్న్యారు వాళ్లు. చిన్నసుబ్బయ్య కొడుకు కర్నూలు నుంచి వచ్చి పిట్టగోడ మీద నాలుగడుగులు ఇటుక కట్టించినాడు. ఇటుకకూ ఇటుకకూ నడుమ సందులు పెట్టినాడు."

సిరాజుద్దీన్ రాస్తున్న కలం పక్కన పెట్టాడు. మిద్దె మీది గోడకు సందులు ఎవరి మీద గురి పెట్టేందుకు వదులుతారో ఆ గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు.

"సుబ్బయ్య?" అంది ఎలిజబెత్.

"మిద్దె ఎక్కనీయడంలేదంట కొడుకు." గ్లాసు బల్ల మీద పెట్టి, పెట్టిన చోటే చూస్తూ అంది. "మా ఆయన నీకొక మాట చెప్పమన్న్యాడు. మొదట ఎంత తప్పు గీసిందో అంత తప్పుకే మళ్లీ గీసియ్యమని ఆ పాపను అడుగు, కూలగొట్టిస్తా అన్న్యాడు. ఏమన్నా మతుండే మాటేనా అది? నేను అడగను. ఊరికే చెప్తాండా." నిట్టూర్చి నిటారుగా కూర్చుంది. "వాళ్ల సందుల్లో నుంచి సూస్తే మా గుమ్మం కనపడకూడదు. ఇంకెంత లేపాల్నో చెప్పు."

ఎలిజబెత్ ఫైలు తెరిచింది. ముందుగా సున్నా ఎక్కడుందో చూసుకుంది. వాకిట్లోనే ఉంది. మిద్దె మీద నాలుగడుగుల ఇటుక గోడ లేపి, సందులు పెట్టి, ఒక్కో సందులో కెమెరా పెట్టి చూస్తూ ఇవతలి గోడను కొంచెం కొంచెం పైకి జరిపింది. గుమ్మం దగ్గరి డబ్బా మరుగయ్యేసరికి పద్నాలుగున్నర అయింది.

తర్వాత, ఎవరూ అడగకపోయినా, కెమెరాను తీసుకొచ్చి మంచం మీది డబ్బా తల దగ్గర పెట్టి గోడ వైపు తిప్పింది. తెర నిండా బూడిద రంగు పరుచుకుంది. ఎక్కడా ఒక్క గీత లేదు.

"ఇదేంది?" అంది తిరుపాలమ్మ ముందుకు వంగి.

"అప్ప కూర్చునే చోటి నుంచి సూస్తే."

తిరుపాలమ్మ కాసేపు చూసింది.

"ఆయన యాడ కూర్చుంటాండాడులే ఆడ" అంది. "పద్నాలుగున్నరన్న్యావు గదా. రోడ్డు మీద నుంచా, వాకిట్లో నుంచా?"

"వాకిట్లో నుంచే."

"రాసియ్యి."

ఎలిజబెత్ కాగితం తీసి అంకె వేసింది. దాని కింద పెద్ద అక్షరాలతో, వాకిట్లో నుంచి కొలవాలి, అని రాసి కింద రెండు గీతలు కొట్టింది.